వైరు తెగితే మన కోడ్ ఏం చదువుతుంది?

మన పత్రికలో కవితలు, కథలు, సినిమా రివ్యూలు బాగానే వస్తున్నాయి. ఈసారి నేను ఒక డబ్బా గురించి రాస్తాను. చిన్న అల్యూమినియం డబ్బా. ఒక పక్క కనెక్టర్లు, లోపల ఒక మైక్రోకంట్రోలర్. దీన్ని హైడ్రాలిక్ యంత్రాలకు బిగిస్తారు. జేసీబీలు, పొక్లెయిన్లు, క్రేన్లు, కాంక్రీట్ పంపులు, వీధి దీపాలు బాగుచేసే స్కై లిఫ్టులు, ఇలా చక్రాల మీదో చైన్ల మీదో తిరుగుతూ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసేవన్నీ మొబైల్ హైడ్రాలిక్ యంత్రాలే. ఈ మధ్య వస్తున్న వాటిలో చాలావాటికి ఇలాంటి డబ్బా ఒకటైనా ఉంటోంది.

సీఎస్ఈ వాళ్లకి దీంతో పనేంటి అంటారా? అందులో నడిచేది మనం రాసే లాంటి కోడే. కాకపోతే మన ల్యాప్‌టాప్‌లో కోడ్ తప్పయితే స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు వస్తాయి, అంతే. స్కై లిఫ్ట్‌లో అయితే నలభై అడుగుల ఎత్తున, బుట్టలో ఒక మనిషి నిలబడి ఉంటాడు, పక్కనే కరెంటు తీగలు ఉంటాయి. ఆ సమయంలో ఒక వైరు తెగితే కోడ్ ఏం చదువుతుంది, ఏం చేస్తుంది? ఈ వ్యాసం మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే.

విజయవాడ ఆటోనగర్‌లో మా మామయ్యకి ఒక రిపేర్ షెడ్డు ఉంది. సెలవుల్లో అక్కడ చూసినవీ, తర్వాత మాన్యువల్స్ చదివి అర్థం చేసుకున్నవీ కలిపి రాస్తున్నాను. స్కై లిఫ్ట్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. దాన్ని చూడనివాళ్లు మనలో ఎవరూ ఉండరు కదా.

లివర్ పోయి జాయ్‌స్టిక్ వచ్చాక

పాత యంత్రాల్లో ఆపరేటర్ చేతిలో ఇనుప లివర్ ఉండేది. లివర్ తోస్తే వాల్వ్ లోపల స్పూల్ అనే ఉక్కు కడ్డీ జరుగుతుంది. అది జరిగినంత మేర దారి తెరుచుకుని ఆయిల్ సిలిండర్‌లోకి వెళ్తుంది. ఎంత తోస్తే అంత వేగం. మధ్యలో కరెంటుకు పనే లేదు.

ఇప్పుడు స్పూల్‌ని సొలెనాయిడ్ కాయిల్ తోస్తుంది. కాయిల్‌లో ఎంత కరెంట్ పోతే అంత బలం, ఆ బలాన్ని బట్టి స్పూల్ జరుగుతుంది. అందుకే దీన్ని ప్రొపోర్షనల్ వాల్వ్ అంటారు. ఆపరేటర్ చేతిలో ఉన్న జాయ్‌స్టిక్ నిజానికి ఒక సెన్సర్ మాత్రమే. అది కొన్ని వోల్టులు పంపిస్తుంది. కంట్రోలర్ ఆ వోల్టులు చదివి, కాయిల్‌లోకి ఎంత కరెంట్ పంపాలో లెక్క వేసి పంపుతుంది.

ఇక్కడ ఒక చిన్న ఫిజిక్స్ ఉంది. కంట్రోలర్ కాయిల్‌కి ఇచ్చే వోల్టేజ్‌ని పట్టించుకోదు, కరెంట్‌ని పట్టించుకుంటుంది. ఎందుకంటే కాయిల్ రాగి తీగ. రాగి ఒక డిగ్రీ వేడెక్కితే దాని రెసిస్టెన్స్ సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 5 ఓమ్‌లు ఉన్న కాయిల్ 100 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 6.6 ఓమ్‌లు అవుతుంది. అదే వోల్టేజ్ ఇస్తే కరెంట్ నాలుగో వంతు దాకా పడిపోతుంది. పొద్దున ఒక వేగంతో లేచిన బూమ్ మధ్యాహ్నం ఇంకో వేగంతో లేస్తుంది. ఇది రాకుండా కంట్రోలర్ తను పంపే కరెంట్‌ని తనే కొలుచుకుంటూ, తగ్గితే పెంచుతూ, పెరిగితే తగ్గిస్తూ ఉంటుంది. ఈ పని పీడబ్ల్యూఎమ్‌తో చేస్తుంది. అంటే సెకనుకి వందల వేల సార్లు స్విచ్ వేస్తూ, ఆపుతూ, వేసి ఉంచే సమయాన్ని మారుస్తుంది. దీనికి తోడు స్పూల్ ఒకచోట అతుక్కుపోకుండా కరెంట్‌లో కొంచెం వణుకు కూడా కలుపుతారు. దాన్ని డిథర్ అంటారు.

ఈ కాయిల్ లెక్క గుర్తుపెట్టుకోండి. కింద ఒక అసలు కేసులో మళ్లీ పనికొస్తుంది.

సున్నా వేరు, ఏమీ లేకపోవడం వేరు

సీ నేర్చుకున్నప్పుడు సున్నాకీ నల్‌కీ తేడా ఏంటని అందరం తల గోక్కున్నాం. డేటాబేస్‌ల క్లాసులో అయితే నల్ అంటే సున్నా కాదు, ఖాళీ స్ట్రింగ్ కూడా కాదు, 'విలువ తెలీదు' అని చెప్తారు. ఈ తేడాని వైరింగ్ చేసేవాళ్లు రాగి తీగల్లోనే ఇమిడ్చిపెట్టారు.

జాయ్‌స్టిక్‌కి కంట్రోలర్ 5 వోల్టులు ఇస్తుంది. మామూలుగా ఆలోచిస్తే 0 నుంచి 5 వోల్టుల దాకా మొత్తం వాడుకోవచ్చు కదా? వాడరు. సాధారణంగా 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య మాత్రమే వాడతారు. మధ్యలో వదిలేస్తే 2.5. ఒక చివరికి తోస్తే 0.5, ఇంకో చివరికి తోస్తే 4.5. కిందా పైనా అర వోల్టు కావాలనే ఖాళీగా ఉంచుతారు.

ఎందుకంటే, సిగ్నల్ వైరు తెగితే ఇన్‌పుట్ 0 వోల్టులకు పడిపోయేలా కంట్రోలర్ లోపల ఒక రెసిస్టర్ పెడతారు. 5 వోల్టుల సరఫరా వైరు తెగినా సిగ్నల్ 0కే పోతుంది. సెన్సర్ ఎర్త్ వైరు తెగితే మాత్రం సిగ్నల్ పైకి, 5 వైపు ఎగబాకుతుంది. అంటే మూడు వైర్లలో ఏది తెగినా వచ్చే అంకె ఆ ఖాళీ జాగాలో పడుతుంది. కోడ్‌లో ఒక్క షరతు చాలు: 0.3 కంటే తక్కువైనా 4.7 కంటే ఎక్కువైనా అది జాయ్‌స్టిక్ మాట కాదు, వైరు తెగిన కబురు. వాల్వ్ కరెంట్ ఆపెయ్, లోపం నమోదు చెయ్.

ఇదే 0 నుంచి 5 దాకా మొత్తం వాడి ఉంటే? 0 వోల్టులు అంటే 'ఫుల్ స్పీడ్‌తో కిందికి దించు' అని అర్థం అయ్యేది. వైరు తెగిన క్షణంలో బుట్ట ఆగకుండా కిందికి వచ్చేది. ఆ అర వోల్టు ఖాళీ విలువ అంత.

మంచి జాయ్‌స్టిక్‌లలో రెండు సెన్సర్లు ఎదురుబొదురుగా పెడతారు. ఒకటి 0.5 నుంచి 4.5కి పెరుగుతుంటే రెండోది 4.5 నుంచి 0.5కి తగ్గుతుంది. ఏ క్షణంలో కూడినా మొత్తం 5 రావాలి. రాకపోతే రెండిట్లో ఒకటి అబద్ధం చెప్తోంది. ఏది అబద్ధమో తెలీదు కాబట్టి రెండిటినీ నమ్మకుండా ఆపేస్తారు. మన భాషలో ఇది చెక్‌సమ్ అన్నమాట.

ప్రెషర్ సెన్సర్లలో ఇదే ఆలోచన ఇంకో రూపంలో కనిపిస్తుంది. చాలావాటికి అవుట్‌పుట్ 4 నుంచి 20 మిల్లీయాంప్‌లు. ప్రెషర్ సున్నా అయితే 4 మిల్లీయాంప్‌లు వస్తాయి. 0 మిల్లీయాంప్‌లు వస్తే వైరు తెగిందని అర్థం. 4 అంటే సున్నా, 0 అంటే నల్.

స్విచ్‌లకి కూడా ఇదే సూత్రం. స్కై లిఫ్ట్‌కి రెండు పక్కలా జాక్‌లు దించి, నేల మీద గట్టిగా ఆనితేనే బూమ్ లేవాలి. ఆ జాక్ దగ్గర ఒక స్విచ్ ఉంటుంది. జాక్ సరిగ్గా ఆనినప్పుడు స్విచ్ కలిసి, దాని గుండా కరెంట్ పోయేలా వైరింగ్ చేస్తారు. వైరు తెగినా, కనెక్టర్ ఊడినా కరెంట్ ఆగుతుంది. జాక్ ఆననట్టే లెక్క, బూమ్ లేవదు. పని ఆగిపోతుంది, ఆపరేటర్ తిట్టుకుంటాడు, కానీ బండి ఒరగదు. దీనికి ఉల్టాగా వైరింగ్ చేస్తే, తెగిన వైరు 'అంతా బాగానే ఉంది' అని చెప్తుంది.

ఎమర్జెన్సీ స్టాప్ బటన్ సంగతి ఇంకా ముఖ్యం. దాన్ని కోడ్ చదివి నిర్ణయం తీసుకునేలా మాత్రమే పెట్టకూడదు. వాల్వ్‌లకు వెళ్లే కరెంట్‌నే అది నేరుగా కోసెయ్యాలి. కోడ్ ఇన్ఫినిట్ లూప్‌లో ఇరుక్కున్నా బటన్ పనిచెయ్యాలి కదా. ఇంకోటి, బటన్ వదిలి పవర్ తిరిగి వచ్చినప్పుడు జాయ్‌స్టిక్ ఇంకా తోసే ఉంటే బూమ్ కదలకూడదు. ఒకసారి మధ్యకి వచ్చాకే కదలిక మొదలవ్వాలి. ఈ రెండో నియమం మాత్రం పూర్తిగా కోడ్ రాసేవాడి చేతిలో ఉంటుంది.

వైరింగ్‌లో మాటిమాటికీ దెబ్బతినే చోట్లు

పవర్: కంట్రోలర్‌కి ప్లస్ వైరు బ్యాటరీ నుంచి సొంతంగా రావాలి, బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు ఉండాలి. చాలామంది ఫ్యూజు డబ్బాని కాపాడుతుంది అనుకుంటారు. అది ముందుగా కాపాడేది వైరుని. ఫ్యూజుకి ముందున్న ముక్క ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే, ఆ ముక్క మొత్తం కాలిపోతుంది. అందుకే ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

వైరు మందం: 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీటరుకి సుమారు 0.0115 ఓమ్‌లు. ఇది వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ బూమ్ మీదుగా పది మీటర్లు వెళ్లి పది మీటర్లు తిరిగి వస్తే 0.23 ఓమ్‌లు. 3 యాంప్‌లు పోతే దాదాపు 0.7 వోల్టులు దారిలోనే పోతాయి. 12 వోల్టుల బండిలో అది చిన్న సంగతి కాదు.

కాయిల్ తిరుగు వైరు: కొన్ని కంట్రోలర్లు కాయిల్ నుంచి తిరిగి వచ్చే వైరు మీదే కరెంట్ కొలుస్తాయి. వాటికి ఆ వైరుని కంట్రోలర్ పిన్‌కే తేవాలి. 'ఎర్తే కదా, పక్కనున్న బోల్టుకి కట్టేద్దాం' అంటే కంట్రోలర్‌కి కరెంట్ కనపడదు. ఏ రకమో మాన్యువల్‌లో చూసే కట్టాలి.

సెన్సర్ ఎర్త్: ఇది కూడా బాడీకి కట్టకూడదు. కంట్రోలర్‌లో దీనికి వేరే పిన్ ఉంటుంది. ఛాసిస్ గుండా పెద్ద కరెంట్లు పోతున్నప్పుడు ఛాసిస్‌లో ఒకచోటికీ ఇంకోచోటికీ మధ్య కొన్ని వందల మిల్లీవోల్టుల తేడా రావొచ్చు. ఆ తేడా వచ్చి సెన్సర్ అంకెలో కలిసిపోతుంది.

ఆల్టర్నేటర్ పరీక్ష: ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, ఇంజన్ ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగుంది అనుకోవడం పాత అలవాటు. ఆల్టర్నేటర్ ఛార్జ్ చేస్తున్న సమయంలో బ్యాటరీ హఠాత్తుగా తీసేస్తే వోల్టేజ్ ఒక్కసారిగా ఎగుస్తుంది. దీన్ని లోడ్ డంప్ అంటారు. అణచే ఏర్పాటు లేకపోతే 24 వోల్టుల బండిలో అది 100 వోల్టులు కూడా దాటగలదు. డీజిల్ పంపూ నాలుగు బల్బులూ మాత్రమే ఉన్న రోజుల్లో చెల్లింది. ఇప్పుడు చెల్లదు.

వెల్డింగ్: బండి మీద ఎక్కడ వెల్డింగ్ చేసినా ముందు బ్యాటరీ విప్పి, కంట్రోలర్ కనెక్టర్లు పీకాలి. వెల్డింగ్ ఎర్త్ క్లాంప్‌ని అతికే చోటుకి వీలైనంత దగ్గర పెట్టాలి.

క్యాన్ బస్: రెండు వైర్ల మీద అందరి మాటలు

ఒక బండిలో ఇంజన్‌కి ఒక కంట్రోలర్, హైడ్రాలిక్స్‌కి ఒకటి, బుట్టలో ఒకటి, డిస్‌ప్లే ఒకటి ఉంటే, ఒక్కో సమాచారానికి ఒక్కో వైరు లాగడం కుదరదు. అందుకని రెండు వైర్లు పురి వేసి, అందరినీ వాటికే తగిలిస్తారు. ఇదే క్యాన్ బస్. బాష్ కంపెనీ కార్ల కోసం తయారుచేసి 1986లో దీన్ని ప్రకటించింది. ట్రక్కులు, భారీ యంత్రాల్లో దీని మీద ఎస్ఏఈ జె1939 అనే పద్ధతి నడుస్తుంది. వేగం సాధారణంగా సెకనుకి 250 కిలోబిట్లు.

దీన్ని పరీక్షించడం చాలా తేలిక. లైను రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కోటి ఉండాలి. పవర్ ఆపి, రెండు వైర్ల మధ్య మల్టీమీటర్‌తో ఓమ్‌లు కొలవండి. రెండు 120లు ప్యారలల్‌లో ఉన్నాయి కాబట్టి 60 రావాలి. 120 వస్తే ఒక రెసిస్టర్ లేదు, లేదా మధ్యలో లైను తెగింది. 40 వస్తే ఎవరో మూడోది కూడా పెట్టారు. 0కి దగ్గరగా వస్తే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుతున్నాయి. ఇంటర్‌లో చదివిన ప్యారలల్ రెసిస్టర్ల ఫార్ములా ఇంత నేరుగా పనికొస్తుందని నేను అనుకోలేదు.

లోపం వచ్చినప్పుడు జె1939లో ఏ భాగం అనేదానికి ఒక నంబరు, ఏ రకం లోపం అనేదానికి ఇంకో నంబరు వస్తాయి. ఈ రెండోది బాగా పనికొస్తుంది. 3 అంటే వోల్టేజ్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ, 4 అంటే తక్కువ, 5 అంటే కరెంట్ తక్కువ లేదా వైరు తెగింది, 6 అంటే కరెంట్ ఎక్కువ లేదా వైరు ఎర్త్‌కి తగిలింది. పైన చెప్పిన జాయ్‌స్టిక్ వైర్ల సంగతి గుర్తుందా? సిగ్నల్ 0కి పడితే 4, సెన్సర్ ఎర్త్ తెగి 5 వోల్టుల వైపు పోతే 3. అంటే కోడ్ చూడగానే ఏ వైరు వైపు వెళ్లాలో సగం తెలిసిపోతుంది.

కొత్త కాయిల్ వేస్తే ఒక పూట తగ్గిన జబ్బు

ఇప్పుడు అసలు కేసు. మామయ్య షెడ్డుకి ఒక స్కై లిఫ్ట్ వచ్చింది. 12 వోల్టుల బండి. పొద్దున బూమ్ బాగానే లేస్తుంది. పదకొండు దాటాక జాయ్‌స్టిక్ పూర్తిగా తోసినా ఈడుస్తూ లేస్తుంది. లోపం కోడ్ 5, అంటే కాయిల్‌లో కరెంట్ తక్కువ. వేరే చోట ఎవరో కోడ్ చూసి కాయిల్ మార్చారు. ఆ పూట బాగానే ఉంది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే. కాయిల్ కొత్తదే కాబట్టి ఇక కంట్రోలరే పోయిందని తేల్చారు. కొత్త కంట్రోలర్ అంటే వేలల్లో ఖర్చు, వచ్చేదాకా బండి ఖాళీ. ఆపరేటర్‌కి రోజు కూలి లేదు.

షెడ్డులో వైరింగ్ చూసే పెద్దమేస్త్రి ముందు ఆపరేటర్‌ని కూర్చోబెట్టి అడిగారు. "ఎండగా ఉన్నప్పుడా, లేక పొద్దుట్నుంచి పని చేశాకా?" ఆపరేటర్ కాస్త ఆలోచించి, "పని చేశాకే అండీ. మధ్యలో గంట ఆపితే మళ్లీ బాగా లేస్తుంది" అన్నాడు. ఆ ఒక్క జవాబుతో వెతకాల్సిన చోటు చాలా తగ్గింది. వేడెక్కే వస్తువుతో సంబంధం ఉందన్నమాట.

తర్వాత సమస్యని రెండుగా కోశారు. బుట్ట ఖాళీ, జాక్‌లు దించి ఉన్నాయి, చుట్టూ ఎవరూ లేరు. వాల్వ్ చివర చేత్తో నొక్కే పిన్ ఉంటుంది. దాన్ని నొక్కితే కరెంటుతో పని లేకుండా స్పూల్ జరుగుతుంది. నొక్కగానే బూమ్ ఫుల్ స్పీడ్‌తో లేచింది. అంటే పంపు, ఆయిల్, సిలిండర్ అన్నీ బాగున్నాయి. సగం బండి ఒక్క నొక్కుతో లిస్టులోంచి పోయింది. నేను పక్కనుంచి "ఇది బైనరీ సెర్చ్ కదా మామయ్యా" అన్నాను. "పేరు ఏదైతేనేం అల్లుడూ, ముందు ఆ మీటర్ అందుకో" అన్నాడు.

బండి ఆపి ఉండగా కంట్రోలర్ ఎర్త్ పిన్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కొలిస్తే కొద్ది మిల్లీవోల్టులే. బాగున్నట్టే కదా? మేస్త్రి ఇంజన్ స్టార్ట్ చేయించి, పైనున్న తిరిగే లైటు వేయించి, జాయ్‌స్టిక్ పూర్తిగా తోయించి అదే చోట మళ్లీ కొలిచారు. దాదాపు రెండున్నర వోల్టులు! బ్యాటరీ దగ్గర 13 వోల్టులు ఉంటే కంట్రోలర్‌కి అందేది 10 పైచిలుకే.

లెక్క వేద్దాం. ఫుల్ స్పీడ్‌కి కాయిల్‌కి 1.5 యాంప్‌లు కావాలనుకోండి. పొద్దున చల్లగా 5 ఓమ్‌లు, కాబట్టి 7.5 వోల్టులు చాలు. మధ్యాహ్నం 6.6 ఓమ్‌లు అయ్యాక దాదాపు 9.9 వోల్టులు కావాలి. కంట్రోలర్ లోపలా, కాయిల్ దాకా వెళ్లే వైర్లలోనూ ఇంకొంత వోల్టేజ్ పోతుంది. 10 పైచిలుకు వోల్టులతో ఆ కరెంట్ రాదు. కంట్రోలర్ పీడబ్ల్యూఎమ్‌ని నూరు శాతానికి పెంచినా చాలదు. అప్పుడది నిజమే చెప్పింది: 'కరెంట్ తక్కువ'. కొత్త కాయిల్ వేసినప్పుడు తగ్గినట్టు కనిపించింది కూడా అందుకే. కొత్తది చల్లగా ఉంది. పాతదాన్నే విప్పి గంటసేపు నీడలో పెట్టి తిరిగి బిగించినా అలాగే తగ్గేది.

మిగిలింది ఆ ఎర్త్ వైరు ఎక్కడ చెడిందో చూడటం. వైరు వెంట వెళ్తే ఛాసిస్ మీద ఒక బోల్టు, చెయ్యి దగ్గర పెడితే వేడి తెలుస్తోంది. తిరిగే లైటు, హారన్, కంట్రోలర్, అన్నిటి ఎర్త్‌లూ ఆ ఒక్క బోల్టుకే. విప్పితే లగ్గు కింద పసుపు పెయింటు. ఎప్పుడో బండికి రంగు వేసి, రంగు మీదే లగ్గు బిగించారు. బోల్టు మరల గుండా మాత్రమే కరెంట్ పోతోంది. అక్కడ మూడో వంతు ఓమ్ పైన రెసిస్టెన్స్ చాలు, మొత్తం 7 యాంప్‌లు పోయేసరికి రెండున్నర వోల్టులు మింగేస్తుంది. దాదాపు 17 వాట్ల వేడి కూడా అక్కడే పుడుతుంది. రంగు గీకి, మెరిసే ఇనుము వచ్చాక కొత్త లగ్గు బిగించి, కంట్రోలర్‌కి మాత్రం బ్యాటరీ మైనస్ నుంచి వేరే వైరు లాగారు. కొత్త కంట్రోలర్ అవసరం పడలేదు.

మల్టీమీటర్ చెప్పని నిజం

బండి ఆపి కొలిస్తే ఎందుకు దొరకలేదో సీఎస్ఈ వాళ్లు ఆలోచించాల్సిన విషయం. డిజిటల్ మల్టీమీటర్ ఇన్‌పుట్ సాధారణంగా 10 మెగాఓమ్‌లు. అది దాదాపు కరెంటే లాగదు. వైరులో ముప్పై పోగులకి ఇరవైతొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా 12 వోల్టులు చూపిస్తుంది. కరెంట్ పోనప్పుడు రెసిస్టెన్స్ తన పని చూపించదు. ఒక్క యూజర్‌తో టెస్ట్ చేసి సర్వర్ బాగుందని చెప్పడం లాంటిది ఇది.

అందుకే పాత మేస్త్రీల దగ్గర రెండు వైర్లు కట్టిన 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి ఉంటుంది. 12 వోల్టుల దగ్గర అది 1.75 యాంప్‌లు లాగుతుంది. పవర్ వైరు బాగుంటే ధగధగ వెలుగుతుంది, దారిలో ఎక్కడైనా రెసిస్టెన్స్ బాగా ఎక్కువైతే ఎర్రగా మిణుకుతుంది. అయితే ఈ బల్బుని పవర్, ఎర్త్ వైర్ల మీద మాత్రమే వాడాలి. 5 వోల్టుల సెన్సర్ వైర్లకో క్యాన్ వైర్లకో తగిలిస్తే ఉన్న కంట్రోలర్ కూడా పోవచ్చు.

ఇంకొన్ని జాగ్రత్తలు. మీటర్ ప్రోబ్‌ని కనెక్టర్ ఆడ పిన్‌లోకి తోయకండి. అది సాగిపోయి కొత్త లూజు కాంటాక్ట్ తయారవుతుంది. వైరు తొడుగుకి సూదితో బొక్క పెట్టకండి, వానాకాలం ఆ బొక్కలోంచే తడి లోపలికి పోతుంది. వచ్చీ పోయే లోపాలకి వైరు వంగే చోట్లు ముందు చూడండి: బూమ్ మడత దగ్గర, తిరిగే బల్ల దగ్గర. ఆయిల్ కారుతోందా అని చెయ్యి పెట్టి వెతకొద్దు. ఎక్కువ ప్రెషర్‌తో వచ్చే సన్నటి ధార చర్మంలోకి దూరిపోతుంది, దానికి వెంటనే ఆపరేషన్ అవసరం పడొచ్చు. లేచి ఉన్న బూమ్ కింద ఎప్పుడూ నిలబడొద్దు.

మన ల్యాబ్‌లో చేసి చూడటానికి

ఇదంతా చదివి వదిలేయకుండా ఒక చిన్న ప్రయోగం చేయండి. 12 వోల్టుల బ్యాటరీ, 5 వాట్ల బండి బల్బు, 47 ఓమ్‌ల రెసిస్టర్ తీసుకోండి. రెసిస్టర్ 5 వాట్లదై ఉండాలి, కొంచెం వేడెక్కుతుంది. రెసిస్టర్‌ని ఎర్త్ వైరు మధ్యలో పెట్టండి. అదే మన రంగు మీద బిగించిన లగ్గు. బల్బు లేకుండా మీటర్‌తో కొలవండి, బ్యాటరీ వోల్టులన్నీ కనిపిస్తాయి. బల్బు తగిలించి బల్బు చివరల మధ్యా, తర్వాత రెసిస్టర్ చివరల మధ్యా కొలవండి. వోల్టులు ఎక్కడికి పోయాయో మీకే కనిపిస్తుంది.

రోబోటిక్స్ క్లబ్‌లో ఉన్నవాళ్లకి ఇంకో పని. మీ రోబోకి ఉన్న ప్రతి సెన్సర్‌కీ ఒక కాగితం మీద మూడు గడులు గీయండి: పవర్ వైరు తెగితే, ఎర్త్ తెగితే, సిగ్నల్ తెగితే. ఒక్కో గడిలో మీ కోడ్ ఏ అంకె చదువుతుందో, చదివి ఏం చేస్తుందో రాయండి. తర్వాత చక్రాలు నేలకి తగలకుండా రోబోని పైకి లేపి పెట్టి, నిజంగానే ఒక్కో వైరు పీకి చూడండి. కాగితం మీద రాసిందీ జరిగిందీ ఒకటే అయితే మీ రోబోని ధైర్యంగా నేల మీద వదలొచ్చు.